మిల్లు నడిచినా రన్నే, కాలువ పారినా రన్నే: ఒక్క క్రియకు ఇన్ని అర్థాలెందుకు?

నల్లగొండలో కానిస్టేబుల్ కొలువుకు తయారయ్యే పిల్లలకు రోజుకు రెండు పరుగులు. తెల్లవారకముందే గ్రౌండ్‌లో మొదటిది. మగపిల్లలకు 1600 మీటర్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు. పది గంటలకు గ్రంథాలయంలో రెండోది, బిట్ల పుస్తకాల మీద. తీరిక దొరికినప్పుడు నేను అక్కడ కూర్చుని ఇంగ్లిష్ డౌట్లు చెబుతుంటాను. మొన్న ఒక పిల్లగాడు, కాళ్లకు గ్రౌండ్ దుమ్ము ఇంకా వదలకముందే, పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. ‘హీ రన్స్ ఎ రైస్ మిల్’ అనే వాక్యంలో ‘రన్స్’కు దగ్గరి అర్థం ఏది? స్ప్రింట్స్, మేనేజెస్, ఫ్లోస్, ఫ్లీస్. తను స్ప్రింట్స్‌కు టిక్కు పెట్టాడు. వెనక కీలో మేనేజెస్ అని ఉంది.

“సార్, పొద్దుగాల నేను ఉరికింది రన్నే గదా. మిల్లు నడిపేది గూడ రన్నెట్లయితది? ఇట్ల ఒక్కోదానికి ఎన్ని మీనింగులు నేర్వాలె?”

ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. ప్రపంచంలో పేరున్న నిఘంటుకర్తలు నెలల తరబడి తలపట్టుకున్న ప్రశ్న. అతనికి అప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ కొంచెం వరసలో పెడుతున్నాను.

పర్యాయపదం, నానార్థం: బడిలో చదివిన రెండు మాటలే

తెలుగు పరీక్షలో పర్యాయపదాలు, నానార్థాలు రాయకుండా బడి దాటినవాళ్లు ఉండరు. ఒకే సంగతికి చాలా మాటలుంటే పర్యాయపదాలు: చెట్టు, తరువు, వృక్షం. ఒకే మాటకు చాలా సంగతులుంటే నానార్థాలు: కరం అంటే చెయ్యి, కిరణం, పన్ను, ఏనుగు తొండం. పిల్లగాడికి వచ్చిన బిట్టు పైకి పర్యాయపదం ప్రశ్నలా కనిపిస్తుంది. లోపలున్న చిక్కంతా నానార్థానిదే. ఆ వాక్యంలో ‘రన్’ ఏ అర్థంలో నిలబడిందో తేలితేనే దానికి జోడీ వెతకగలం. బిట్ల పుస్తకాలు ఆ మొదటి మెట్టును వదిలేసి పిల్లలను నేరుగా రెండో మెట్టు మీద నిలబెడతాయి.

నానార్థాల్లో మళ్లీ రెండు రకాలు. పాలు అంటే తాగేవి, పాలు అంటే వాటా. ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. పలకడంలో ఒకటైన వేర్వేరు మాటలవి. ‘కన్ను’ సంగతి అట్లా కాదు. మనిషి కన్ను, కొబ్బరికాయ కన్ను, చెరుకు గడ మీద కన్ను. చూడగానే ఒకదాని నుంచి ఇంకొకటి ఎట్లా వచ్చిందో తెలుస్తుంది. ‘రన్’ ఈ రెండో రకం. ఎన్ని అర్థాలున్నా అన్నీ ఒకే ఇంటివి.

ముందు మన ‘కొట్టు’ను చూద్దాం

ఇంగ్లిష్ వాళ్లే ఒక్క మాటతో ఇన్ని పనులు చేయిస్తారని అనుకుంటే, మన ‘కొట్టు’ను ఎవరైనా పరాయి భాషవాళ్లకు నేర్పి చూడండి. చెంప మీద కొడతాం, చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, చెట్టు కొడతాం, గోడకు పెయింట్ కొడతాం. కూరకు వాసన కొడుతుంది. బయట ఎండ కొడుతుంది. సినిమా బాగా లేకపోతే బోరు కొడుతుంది. నల్లగొండలో పెరిగినవాడికి బోరు అంటే ముందు గుర్తొచ్చేది పొలంలో వేసేది, కానీ ఆ బోరును మాత్రం ‘కొట్టం’, వేస్తాం. ఇందులో తర్కం ఏదని అడిగితే మన దగ్గర జవాబు లేదు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. “ఆయన మందు కొట్టిండు” అనే మూడు మాటలు తీసుకోండి. పొద్దున ఎనిమిదింటికి, పత్తి చేను గట్టు మీద, వీపుకు పంపు ఉన్న మనిషి గురించి అంటే పురుగుమందు చల్లాడని. రాత్రి ఎనిమిదింటికి, ఊరి బయటి నుంచి తూలుకుంటూ వస్తున్న మనిషి గురించి అంటే వేరే సంగతి. మాటలు అవే, వ్యాకరణం అదే. అయినా ఎవరూ పొరబడరు. వేళ, చోటు, చేతిలో ఉన్న వస్తువు మనకు అర్థం చెప్పేస్తాయి. మనం ‘కొట్టు’ అర్థాలను వరసగా బట్టీ పట్టి నేర్చుకోలేదు. ఒక్కోటి ఒక్కో సందర్భంలో చెవిన పడి నిలిచిపోయింది.

ఇంగ్లిష్ పుట్టుకతో మాట్లాడేవాళ్లకు ‘రన్’ అట్లాంటిదే.

ఉరకడం, ఉరికించడం: కలిసిపోయిన రెండు క్రియలు

మరి ‘మనిషి ఉరకడం’, ‘మిల్లు నడపడం’ ఒకే మాటలోకి ఎట్లా వచ్చాయి? చరిత్రలో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. బడిలో దీన్ని చెప్పగా నేను వినలేదు.

తెలుగులో ఒక పని దానంతట అది జరగడానికి ఒక రూపం, దాన్ని ఇంకొకరు జరిపించడానికి ఇంకో రూపం ఉంటాయి. బండి నడుస్తుంది, డ్రైవర్ బండిని నడుపుతాడు. నీళ్లు పారతాయి, రైతు నీళ్లు పారిస్తాడు. ఎద్దు ఉరుకుతుంది, పిల్లలు దాన్ని ఉరికిస్తారు. క్రియ చివర చిన్న మార్పుతో ఎవరు చేశారు, ఎవరి చేత చేయించారు అన్నది తేలిపోతుంది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లోనూ ఈ తేడా ఉండేది. తానుగా ఉరకడానికి, పారడానికి ఒక క్రియ. దాని నుంచే పుట్టిన ఇంకో క్రియ ఉరికించడానికి. సముద్రం దాటి వచ్చిన వైకింగులు మాట్లాడిన నార్స్ భాషలో కూడా ఇదే జంట ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో ఉచ్చారణలు అరిగి, ఈ రూపాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒక్క ‘రన్’ మిగిలింది. చుట్టమైన జర్మన్ భాషలో ఆ జంట ఇప్పటికీ విడివిడిగానే ఉంది. ‘రినెన్’ అంటే నీళ్లు సన్నగా జారడం, ‘రెనెన్’ అంటే ఉరకడం. ఆ రెండోది మొదట్లో ఉరికించడం అనే అర్థంతో పుట్టిందే.

ఆ కలయిక వల్ల ‘ది మిల్ రన్స్’ అంటే మిల్లు నడుస్తుందని, ‘హీ రన్స్ ది మిల్’ అంటే ఆయన మిల్లు నడుపుతాడని అయింది. క్రియలో ఏ మార్పూ లేదు. తేడా అంతా మాటల వరసలోనే. క్రియ వెనక కర్మ ఉందా లేదా అని చూడాలి. ఉంటే తెలుగులో సాధారణంగా నడుపు, లేకపోతే నడుచు. పిల్లగాడి బిట్టులో ‘రన్స్’ వెనక మిల్లు ఉంది. మిల్లును ఎవరూ ఉరకలేరు కదా, ‘స్ప్రింట్స్’ అక్కడే పక్కకు పోయింది.

ఇక్కడ నాకు చాలా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. ఇదే ‘రన్’ను మనం అరువు తెచ్చుకుని ఏం చేశామో చూడండి. “షాపు మంచిగ రన్ అయితున్నది” అంటాం. “షాపు వాళ్ల తమ్ముడు రన్ చేస్తున్నడు” అంటాం. ఒకదానికి ‘అవు’, ఇంకొకదానికి ‘చేయు’. ఇంగ్లిష్ పోగొట్టుకున్న తేడాను, ఆ భాష చరిత్ర ఏమీ తెలియకుండానే, మన నోళ్లు దానికి తిరిగి అతికించాయి.

నీళ్లకు ఇంగ్లిష్‌లో ఒక మాట, మనకు నాలుగు

‘రన్’ మొదటి నుంచీ కాళ్ల మాటే కాదు, నీళ్ల మాట కూడా. నది రన్ అవుతుంది, నల్లా రన్ అవుతుంది, ముక్కు రన్ అవుతుంది. మనం వీటిని విడదీస్తాం. నాగార్జునసాగర్ ఎడమ కాలువలో నీళ్లు పారతాయి. జలుబు చేస్తే ముక్కు కారుతుంది. మోటరు వేస్తే బోరు పోస్తుంది. పొద్దున ఆరింటికి నల్లా వస్తుంది. నేల మీద దారి పట్టుకుని పోతే పారడం, సందులోంచి జారితే కారడం, ధారగా పడితే పోయడం. నల్లాకు మాత్రం ‘రావడం’ అంటాం. అది ఎప్పుడు వస్తుందో తెలియక బిందెలు పెట్టుకుని ఎదురుచూసిన జనం పెట్టుకున్న మాట అది అని నా అనుమానం.

కాళ్ల పరుగునూ నీళ్ల ప్రవాహాన్నీ ఒకే మాటలో పెట్టడం వింతగా తోస్తే, ‘పారిపోయాడు’ అనే మాట గుర్తు చేసుకోండి. దొంగ నీళ్లు కాదు కదా. పాత తెలుగులో ‘పారు’కు ఉరకడం, ప్రవహించడం రెండూ అర్థాలే. ఇప్పుడు విడిగా వాడితే నీళ్లకే మిగిలింది, ‘పోవు’తో కలిస్తే మనుషులకు. పాత తెలుగు చేసిన పనినే ఇంగ్లిష్ ఇప్పటికీ చేస్తోంది.

నీళ్ల నుంచి దారికి దూరం తక్కువ. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 65వ నంబరు జాతీయ రహదారి చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదుగా ‘రన్’ అవుతుంది. రోడ్డు ఎక్కడికీ కదలదు. దాని వెంట కదిలేది మన చూపు. తెలుగులోనూ ఇదే ఊహ ఉంది, కాకపోతే మనం దాన్ని ఉరికించం. “ఈ రోడ్డు ఎటు పోతది?” అని అడుగుతాం. జడ్చర్ల చౌరస్తాలో ఈ ప్రశ్న అడిగితే “రోడ్డు ఎక్కడికి పోతది, ఈడనే ఉంటది” అని ఎకసెక్కం చేసేవాళ్లు కూడా దొరుకుతారు.

వాళ్లు ఉరుకుతారు, మనం నడుస్తాం

యంత్రాలు, సంస్థలు, వ్యాపారాల దగ్గరికి వస్తే రెండు భాషల తీరు మరీ తేటగా కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో బస్సు, మోటరు, బడి, దుకాణం, ప్రభుత్వం అన్నీ ‘రన్’ అవుతాయి. తెలుగులో ఇవన్నీ నడుస్తాయి. సంసారం నడుస్తుంది, కేసు నడుస్తుంది, “టైమ్ మంచిగ నడుస్తలేదు” అంటాం. చిరిగిన నోటు చూపించి “ఇది నడుస్తదా?” అని అడుగుతాం. ఆగకుండా సాగే పనిని చెప్పడానికి వాళ్లు పరుగును ఎంచుకుంటే మనం నడకను ఎంచుకున్నాం. హిందీ, దక్కనీ ఉర్దూల్లో కూడా నడకే. అక్కడి నుంచి వచ్చిన ‘చలాయించు’ మన దగ్గర బండికీ అధికారానికీ పనికొస్తోంది.

అందుకే ‘రన్ అంటే పరుగు’ అని ఒక్క జోడీతో నేర్చుకున్నవాళ్లు ఇక్కడ బోర్లా పడతారు. ‘ది బస్ ఈజ్ నాట్ రన్నింగ్ టుడే’ అంటే ఈ రోజు బస్సు ఉరకడం లేదని కాదు, బస్సు లేదని.

అన్నీ నడకలోకి కూడా రావు. సినిమా వంద రోజులు రన్ అయితే మనకు ‘ఆడుతుంది’. పత్రిక ఒక వార్తను రన్ చేస్తే ‘వేసింది’. కొత్త చీరను మొదటిసారి ఉతికినప్పుడు రంగు రన్ అయితే ‘పోయింది’. షుగరు వ్యాధి ఒక ఇంట్లో రన్ అయితే “వాళ్లింట్ల షుగరు ఉన్నది” అంటాం, అక్కడ క్రియకు పనే లేదు. జ్వరం సంగతి ఇంకా వింత. ఇంగ్లిష్‌లో మనిషే జ్వరాన్ని రన్ చేస్తాడు, దుకాణం నడిపినట్టు. తెలుగులో జ్వరమే మనిషికి వస్తుంది. పాపం, ఆయన ఏమీ చేయడు.

1996లో నల్లగొండలో 480 మంది

ఎన్నికల్లో పోటీ చేయడాన్ని కూడా ‘రన్’ అంటారు. ఇది అమెరికా ఇంగ్లిష్‌లో 19వ శతాబ్దంలో స్థిరపడిన వాడుక. బ్రిటన్‌లో అదే పనికి ‘స్టాండ్’ అంటారు. అమెరికాలో అభ్యర్థి ఉరుకుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మన దేశపు ఇంగ్లిష్ పత్రికలు ఎక్కువగా ‘కంటెస్ట్’ అని రాస్తాయి. తెలుగులో ‘పోటీ చేయు’, ‘బరిలోకి దిగు’ పత్రికల మాటలైతే, ఊళ్లో జనం మాట “సర్పంచ్‌కు నిలబడ్డడు”.

నల్లగొండ వాళ్లకు ఈ మాటల తేడా చెప్పడానికి మంచి ఉదాహరణ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నామినేషన్ వేసి పోటీలో మిగిలారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్న జిల్లా గోడును ఢిల్లీకి వినిపించడానికి జలసాధన సమితి తలపెట్టిన నిరసన అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. గెలిచింది సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

ఈ సంగతిని అమెరికా విలేఖరి రాస్తే 480 మంది ‘రాన్’ అంటాడు. ‘రన్’కు గెలుపు కోసం పందెంలో ఉరకడం అనే రంగు ఉంది. ఆ 480 మందిలో చాలామంది గెలవడానికి రాలేదు. లెక్కలోకి రావడానికి, కళ్లబడడానికి వచ్చారు. వాళ్లకు ‘నిలబడ్డారు’ అనే మాటే అతుకుతుంది. రెండూ ఒకే అర్థమని నిఘంటువు చెబుతుంది, కాదనలేం. కానీ రెండు మాటలు చూపించే బొమ్మలు వేరు.

తోక తగిలితే మారిపోయే అర్థం

‘రన్’ వెనక చిన్న మాట ఒకటి చేరితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ‘రన్ అవుట్’ తీసుకుందాం. క్రికెట్ అందరికీ తెలుసు కాబట్టి పిల్లలకు ముందు తట్టేది రనౌట్. 22 గజాల పిచ్ మీద క్రీజు చేరేలోపు వికెట్లు పడగొట్టడం. ‘వుయ్ రాన్ అవుట్ ఆఫ్ రైస్’ అనే వాక్యానికి ఒక అమ్మాయి “మేము అన్నం నుంచి బయటికి ఉరికాం” అని రాసింది. అందరం నవ్వాం కానీ, ఆమె ఒక్కో మాటకూ సరిగ్గానే అర్థం రాసింది. మూడూ కలిస్తే పుట్టే అర్థం మాత్రం వేరు. మన ఇళ్లలో “బియ్యం ఒడిసినయి” అంటాం, అంటే అయిపోయాయని, అదే అది.

‘రన్ ఇంటూ’ ఇంకా ప్రమాదం. బస్టాండ్‌లో పాత సారును ‘రన్ ఇంటూ’ అయ్యానంటే అనుకోకుండా కలిశానని. బైకు మీద పోతూ సారును ‘రన్ ఇంటూ’ అయ్యానంటే గుద్దానని. ‘రన్ ఓవర్’కు మీద నుంచి బండి పోవడం ఒక అర్థం, మీటింగ్ అనుకున్న టైమ్ దాటడం ఇంకొకటి. ‘రన్ త్రూ’ అంటే పాఠాన్ని ఒకసారి గబగబా చూసుకోవడం, కత్తితో పొడవడం కూడా.

ఇట్లాంటి జంటలను వ్యాకరణం చెప్పేవాళ్లు ‘ఫ్రేజల్ వర్బ్స్’ అంటారు. మనకూ ఇవి కొత్త కాదు. ‘కొట్టు’ వేరు, ‘కొట్టేయు’ వేరు. పర్సు కొట్టేశాడంటే ఎవరూ పర్సుకు దెబ్బ తగిలిందనుకోరు.

పర్యాయపదాలు సరిసమానం కావు

ఇప్పుడు పర్యాయపదాల వైపు వద్దాం. కాళ్లతో ఉరకడానికే ఇంగ్లిష్‌లో ఒక గుంపు ఉంది. ‘జాగ్’ ఆరోగ్యం కోసం మెల్లగా. ‘స్ప్రింట్’ కొద్ది దూరానికి ఉన్న బలమంతా పెట్టి. ‘డాష్’ బస్సు కదులుతుంటే పట్టుకోవడానికి. ‘ఫ్లీ’ ప్రాణభయంతో. ‘బోల్ట్’ అంటే పలుపు తెంపుకున్న ఎద్దులా ఉన్నట్టుండి. ‘స్కాంపర్’ అంటే ఉడుత తుర్రుమనడం.

తెలుగులో ఉరకడానికి క్రియలు ఇన్ని లేవు. పరుగెత్తు, ఉరుకు, దౌడు తీయు, లగెత్తు, పారిపోవు. పైగా ‘ఉరుకు’ అంటే కోస్తా వైపు కొందరికి దూకడం, మనకు పరుగు. ఇది లోపం అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఇంగ్లిష్ వేగాన్నీ తీరునూ క్రియలోనే కూరి పెడుతుంది. తెలుగు వాటిని పక్కన వేరే మాటలో పెడుతుంది. తుర్రున, రివ్వున, గబగబా, పరుగు పరుగున. క్రియలు లెక్కపెడితే మనం ఓడినట్టుంటాం, ఈ ధ్వని మాటలు లెక్కపెడితే వాళ్లు వెనకబడతారు.

మిల్లు నడపడానికి ఉన్న మాటల్లోనూ ఇట్లాంటి తేడాలే. ‘మేనేజ్’ అంటే మనుషులను, లెక్కలను సంభాళించడం. ‘ఆపరేట్’ అంటే యంత్రం మీద చెయ్యి వేయడం. ‘ఓన్’ అంటే సొంతదారు కావడం, నడిపినా నడపకపోయినా. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లును ఊహించుకోండి. సేటు దాన్ని ‘ఓన్’ చేస్తాడు, గుమాస్తా ‘మేనేజ్’ చేస్తాడు, మెకానిక్ ‘ఆపరేట్’ చేస్తాడు. ‘రన్’ మాత్రం ముగ్గురిలో ఎవరికైనా చెల్లుతుంది, సందర్భాన్ని బట్టి. కీలో మేనేజెస్ ఉందంటే ‘రన్’కు అదే సరిసమానమని కాదు. ఇచ్చిన నాలుగింటిలో అదే దగ్గరిదని.

645 అర్థాలా, 41 అర్థాలా?

‘రన్’ గురించి ఇంటర్నెట్‌లో తిరిగే అంకె 645. ఇది గాలి కబురు కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు మూడో కూర్పు కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు ఈ ఒక్క క్రియ మీద కూర్చుని, 2011 నాటికి తేల్చిన లెక్క. అంతకుముందు 1989 నాటి రెండో కూర్పులో పెద్ద పీట ‘సెట్’ది, 430 అర్థాలతో. తర్వాత ‘మేక్’, ‘పుట్’ దాన్ని దాటాయి. ఆ వెనక ‘రన్’ అన్నింటినీ దాటింది.

అదే క్రియకు అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల కోసం తయారు చేసిన వర్డ్‌నెట్‌లో ఉన్నవి 41 అర్థాలే. ఒకే మాట, ఒకే భాష. ఒకరు 645 అంటే ఇంకొకరు 41 అంటున్నారు. ఎవరో ఒకరు తప్పు అనుకోవడం సహజం. కానీ అర్థాలు గంపలోని మామిడికాయలు కావు, ఒక్కోటీ విడిగా తీసి లెక్కపెట్టడానికి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వందల ఏళ్ల వాడుకలను, ఇప్పుడు ఎవరూ వాడని వాటితో సహా, సన్నగా తరిగారు. వర్డ్‌నెట్ వాళ్లకు ఇప్పటి వాడుక చాలు, ముక్కలు పెద్దవైనా ఫరవాలేదు.

ముక్క ఎక్కడ తెంపాలో చెప్పడానికి ఒక పాత పరీక్ష ఉంది. ఒకే క్రియకు రెండు కర్మలు తగిలించి చూడాలి. “ఆయన పొలానికి, గొంతులోకి మందు కొట్టాడు” అంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చిందంటే అక్కడ అర్థాలు రెండు. “గోడకు, తలుపుకు పెయింట్ కొట్టాడు” అంటే ఎవరూ నవ్వరు. అర్థం ఒకటే. ఇంగ్లిష్‌లోనూ అంతే. ఒకాయన ఒక దుకాణాన్ని, ఒక మిల్లును ‘రన్’ చేశాడంటే సాఫీగా ఉంటుంది. ఒక దుకాణాన్ని, ఒక మారథాన్‌ను ‘రన్’ చేశాడంటే జోకు.

చిక్కు మధ్యలో వస్తుంది. ఒక దుకాణాన్ని, ఒక మోటరును ‘రన్’ చేశాడంటే? కొందరికి బాగానే ఉంటుంది, కొందరికి కాలికి రాయి తగిలినట్టు ఉంటుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర ఊడలు నేలకు దిగి మొదళ్లయి, ఏది అసలు మొదలో, ఏది ఊడో చెప్పడం కష్టమైనట్టే, ఈ అర్థాల మధ్య కూడా హద్దు గీయడం కష్టం. దూరం నుంచి చూసినవాడు ఒక్క చెట్టే అంటాడు, లోపల తిరిగినవాడు ఎన్నో మొదళ్లు లెక్కపెడతాడు. ఇద్దరూ చూసింది నిజమే.

మరి దేన్ని పట్టుకోవాలి?

పిల్లగాడి రెండో ప్రశ్నకు, ఎన్ని నేర్వాలనే దానికి, పండితుల్లోనే ఒక్క మాట లేదు. ఒక పక్షం చెప్పేది: ఇన్ని అర్థాల కింద ఒకే ఒక మూలభావం ఉంది, ఒక దారి వెంట తెంపు లేకుండా సాగడం. మనిషి, నీళ్లు, రోడ్డు, మిల్లు, సినిమా అన్నింటికీ అది అతుకుతుంది. మిగతాది సందర్భం పూరిస్తుంది. ఇందులో బలం ఉంది, చాలా వాక్యాలను ఇది తేలిగ్గా విప్పుతుంది. కానీ బియ్యం ఒడవడం దగ్గరా, పాత సారు కలవడం దగ్గరా మూలభావం పెద్దగా సాయం చేయదు.

రెండో పక్షం అర్థాలను విడివిడిగా నేర్పాలంటుంది. పరీక్షకు ఇది పనికొచ్చే మాట వినిపిస్తుంది, బిట్ల పుస్తకాలన్నీ దీని మీదే బతుకుతాయి. కానీ 645 కాదు, 41 కూడా ఎవరూ అట్లా గుర్తుపెట్టుకోలేరు.

మూడో దారి బ్రిటిష్ భాషావేత్త ఫిర్త్ పేరు మీద నడుస్తోంది. ఏ మాటనైనా అది ఎవరితో కలిసి తిరుగుతుందో చూస్తే తెలుస్తుందని ఆయన 1957లో రాశాడు. ‘రన్’ పక్కన మిల్లు, హోటల్, స్కూలు ఉంటే ఒక అర్థం. నది, నల్లా, ముక్కు ఉంటే ఇంకొకటి. బియ్యం, పైసలు, టైమ్ ఉండి మధ్యలో ‘అవుట్ ఆఫ్’ ఉంటే మరొకటి. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు మనుషుల గురించి అన్నది మాటలకూ చెల్లుతుంది. ఇవాళ ఫోన్లలో అనువాదం చేసే యంత్రాలు పనిచేసేది కూడా చాలావరకు ఈ సావాసం లెక్క మీదే. నా మొగ్గు ఇటే, కానీ దీనికీ ఖరీదు ఉంది. ఇది పనిచేయాలంటే చాలా చదవాలి, చాలా వినాలి. పరీక్ష నెల రోజుల్లో ఉన్నవాడికి అంత తీరిక ఎక్కడిది?

ఆ మాట అతనితో అన్నాను. అతను తలూపి, “అంటే సార్, పక్కన మిల్లు ఉంటే మేనేజ్ పెట్టాలె, అంతే గదా” అని పేజీ తిప్పాడు. రెండు బిట్ల తర్వాత మళ్లీ లేచి వచ్చాడు. ఈసారి ప్రశ్న ‘రన్ ఆఫ్ ది మిల్’కు అర్థం ఏది అని. పక్కన మిల్లు ఉంది కాబట్టి అతను ‘వెల్ మేనేజ్డ్’కు టిక్కు పెట్టాడు. కీలో ‘ఆర్డినరీ’ అని ఉంది.

ఆ ‘రన్’ క్రియ కాదు, నామవాచకం. మిల్లులో నుంచి వచ్చిన సరుకు, ఇంకా మంచిది చెడ్డది ఏరకముందు, వచ్చింది వచ్చినట్టు ఉన్నదాన్ని అట్లా అనేవారు. అక్కడి నుంచి ప్రత్యేకత ఏమీ లేనిది, మామూలుది అనే అర్థం వచ్చింది. బియ్యం మిల్లు చూసినవాడికి ఇది చెప్పడం కష్టం కాలేదు. జల్లెడ పట్టి నూకలు, తవుడు తీయకముందు మర కింద పడ్డదే ఆ ‘రన్’ అన్నాను. “అయితే మా ఊరి మర కాడ దొరికేదంత అదే సార్” అన్నాడు.